ఊరి పెద్దలు ఊరికి అండా, అడ్డంకా?

సర్జాపుర సుబ్బు
ఒంగోలు ప్రాంతం నుంచి వచ్చి పదకొండేళ్లుగా బెంగుళూరులో సర్జాపుర రోడ్డు పక్కన ఉంటున్నాను. మా అపార్టుమెంటు కట్టిన స్థలం, దాని ముందున్న రోడ్డు, మాకు నీళ్లు తెచ్చే ట్యాంకర్లు, చెత్త ఎత్తుకుపోయే ఆటోలు, చివరికి వినాయక చవితి పందిరి కూడా ఒకే కుటుంబానివి, కాకపోతే ఆ కుటుంబం చెప్పినవారివి. ఆ ఇంటి పెద్దాయన తెలుగే మాట్లాడతారు, మర్యాదస్తులు, శుభకార్యానికి పిలిస్తే తప్పకుండా వస్తారు. ఒక ఎండాకాలంలో మేము వేరేవారి ట్యాంకరు పిలిపించుకుంటే అది మా గేటు దాకా రాకుండా దారిలోనే ఆగిపోయింది. ఎవరు ఆపారని అడిగితే ఎవరూ చెప్పరు, కానీ అందరికీ తెలుసు. అదే పెద్దాయన, వానలకు మా వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలిచినప్పుడు, మేము నెల రోజులు ఆఫీసు చుట్టూ తిరిగినా కదలని పనిని ఒక్క ఫోనుతో రెండు రోజుల్లో చేయించారు. జేసీబీ కూడా వారిదే.

వీరు పూనుకోకపోతే ఇక్కడ ఏ పనీ జరగదు. వీరు పూనుకున్న పనిలో మాకు మాట ఉండదు. ఇలాంటి స్థానిక పెద్దలు పాలనకూ అభివృద్ధికీ అండగా నిలుస్తున్నట్టా, అడ్డుపడుతున్నట్టా? మా ఊళ్లో చిన్నప్పుడు చూసిన మోతుబరుల వ్యవహారమే రాజధాని నగరంలోనూ కనిపిస్తున్నందుకు అడుగుతున్నాను.

బి ఖాతా బాధితుడు
ట్యాంకరును ఆపినవారే జేసీబీని పంపారంటే మీకు రెండు వాహనాల సేవ అందుతున్నట్టే. మా వీధికి మొదటి సేవ ఒక్కటే అందుతోంది.

గోదావరి గట్టు
పని జరిగింది కదా, దానికి సంతోషించక ఈ శల్యపరీక్ష ఎందుకని నాకనిపిస్తోంది. పెద్దలను తిట్టడం ఈమధ్య ఒక అలవాటైపోయింది. పిఠాపురం సంస్థానం అండ లేకపోతే కాకినాడలో పిఠాపురం రాజా కళాశాల నిలబడేది కాదు, సూర్యరాయాంధ్ర నిఘంటువు వెలువడేది కాదు, అనాథ పిల్లలకు ఆశ్రయం దొరికేది కాదు. అంత దూరం ఎందుకు, బెంగుళూరులోనే చూడండి. తమలపాకుల వర్తకుడైన ఎలె మల్లప్ప శెట్టి తన సంపాదనతో కె.ఆర్.పురం దగ్గర చెరువు కట్టిస్తే, అది నేటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆర్కాటు నారాయణస్వామి మొదలియారు 1873లో దండు (కంటోన్మెంటు) ప్రాంతంలో పేద పిల్లల కోసం పెట్టిన బడి నూట యాభై ఏళ్లు దాటి నడుస్తోంది. వీరిని ఎవరూ ఎన్నుకోలేదు. టెండరు కూడా పిలవలేదు.

చెరువుకట్ట
ఎలె మల్లప్ప శెట్టి పెట్టింది తన వ్యాపారపు సొమ్ము. జమీందారు పెట్టింది రైతు కట్టిన శిస్తులోంచి తీసిన సొమ్ము. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

గోదావరి గట్టు
శిస్తు వసూలు చేసి ఏమీ చేయని జమీందార్లు ఎందరో ఉండగా, చేసినవారిని వేరుగా చూడటంలో తప్పేమిటి చెరువుకట్ట గారూ? అదే శిస్తుతో నాట్యమేళాలు మాత్రమే పెట్టినవారి పేర్లు మనకు గుర్తు లేవు, చదువు పెట్టినవారి పేర్లు గుర్తున్నాయి.

విశ్రాంత ఇంజినీరు
నేను నీటిపారుదల శాఖలో ముప్పైరెండేళ్లు పనిచేసి జయనగరలో స్థిరపడినవాణ్ణి కనుక చెరువులనుంచే మొదలుపెడతాను. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు రెండేళ్లు పనిచేశారని శాసనమే చెబుతుంది, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను కూడా వరసగా చెబుతుంది. ధనికుడైన పోషకుడు ఆ పన్నెండింటిలో ఒకటి.

అయితే ఆ పెద్దలు చెరువు కట్టించి ఊరుకోలేదని మనం మరచిపోతాం. రాయలసీమలో దశబంధం అనే ఇనాం ఉండేది. చెరువు కట్టినవాడికి, లేదా దాన్ని మరమ్మతులో ఉంచేవాడికి, ఆ ఆయకట్టులోనే కొంత భూమి అనుభవించే హక్కు ఇచ్చేవారు. మైసూరు సీమలో ఇలాంటిదాన్నే కట్టు కొడిగె అనేవారు. కట్ట తెగితే అతడి పొలమూ ఎండిపోతుంది. ధర్మబుద్ధి మీద కొంతా, ఈ కట్టుబాటు మీద ఎక్కువగా ఆ వ్యవస్థ నిలిచింది. బ్రిటిషు కాలంలో ఈ ఇనాములకు లెక్కలు కట్టి, పన్నులు వేసి, చెరువుల్ని మా శాఖవారి చేతికి అప్పగించాక, కట్ట మీద మొలిచిన తుమ్మచెట్టు ఎవరిదో తేల్చడానికే మాకు ఆరు నెలలు పట్టేది.

చెరువుకట్ట
ఇంజినీరు గారు అసలు విషయానికి వచ్చారు. మాది కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడే పల్లె. మా తాతగారి కాలంలో చెరువు పూడిక తీయడానికి ఇంటికొక మనిషి వెళ్లేవారు. ముందు నిలబడి చేయించేది ఊళ్లోకెల్లా పెద్ద ఆసామి. ఆయన మహా కఠినుడు. కూలి సరిగా ఇచ్చేవాడు కాదు, మాలపల్లె వారిని కట్ట మీద చెప్పులతో నడవనిచ్చేవాడు కాదు. నేను ఆయనను మంచివాడని చెప్పడం లేదు. కానీ తూము కింద మొదటి నలభై ఎకరాలు ఆయనవే కనుక, చెరువు నిండకపోతే ఊళ్లో అందరికంటే ముందు నష్టపోయేది ఆయనే. చెరువు నీళ్లు పంచే నీరుగంటి వాడు పొద్దున్నే వచ్చి మొదట ఆయనకే లెక్క చెప్పేవాడు.

ఆ ఇంటి మూడో తరం ఇప్పుడు బెంగుళూరు రోడ్డు పక్కన ఉన్న నలభై ఎకరాల్లో ముప్పైని లేఅవుటు వేసి అమ్మింది. ఇప్పుడు చెరువు నిండితే వారికి నష్టం. సైట్లలోకి నీళ్లు వస్తాయి. తూము మూసుకుపోయి ఏళ్లు దాటింది, కాలువ మీద కాంపౌండు గోడ లేచింది, పంచాయతీలో ఆ ఇంటివారే కూర్చుని దానికి తీర్మానం రాశారు. మనుషులు మంచివారా చెడ్డవారా అన్న చర్చతో సుబ్బు గారి ప్రశ్న తేలదు. ఊరి పెద్దకు రాబడి ఎక్కడినుంచి వస్తోందో చూడండి. తడినుంచి వచ్చినన్నాళ్లు చెరువును కాపాడాడు. చదరపు అడుగునుంచి వస్తున్నప్పుడు చెరువును పూడుస్తున్నాడు. బెల్లందూరు చెరువుకు 2015లోనూ 2017లోనూ మంటలంటుకుంటే దేశమంతా చూసింది. ఆ చెరువు కింద వరి పండించే పెద్దకాపులు అప్పటికీ మిగిలి ఉంటే అంత దాకా రానిచ్చేవారా?

బి ఖాతా బాధితుడు
నీటికి నిప్పంటించిన ఘనత మన నగరానిదే. ఆ దృశ్యం చూసి మా అమ్మ హోమం జరుగుతోందనుకుంది.

కె.ఆర్.పురం కిట్టు
అందరూ మాట్లాడాక మాట్లాడదామని ఆగాను. సుబ్బు గారు చెప్పిన పెద్దాయన లాంటి ఇంట్లో పుట్టినవాణ్ణే నేను. మా ముత్తాత పటేలు. 1961 చట్టంతో గ్రామాధికారుల వంశపారంపర్య హక్కులు పోయాయి, పోవలసినవే. తరువాత ఒక లేఅవుటు కోసం మా పొలం సేకరించారు. అప్పుడు ఎకరానికి ముట్టిన పరిహారంతో నేడు అదే చోట ఒక బాల్కనీ కూడా రాదు. అది చూసిన చుట్టుపక్కల రైతులందరూ, సేకరణ నోటీసు వచ్చేలోగా మనమే అమ్ముకుందామని సాగుభూమిలో అనుమతి లేని రెవెన్యూ సైట్లు వేశారు. మీరు కొన్నవి అవే. దోషం అమ్మినవాడిది మాత్రమేనా?

రెండో మాట. మా ఇంటికి రోజూ కనీసం పదిమంది వస్తారు. ఆసుపత్రిలో మంచం దొరకలేదని ఒకరు, పింఛను ఆగిందని ఒకరు, మొగుడు తాగి కొట్టాడని ఒకరు. వీరిలో అపార్టుమెంటువారు ఒక్కరూ ఉండరు. వారు వానాకాలంలో మాత్రమే వస్తారు. మా నాన్నగారు ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు, గెలిచారు, మళ్లీ ఓడిపోయారు. ఒక్కసారైనా మీ గేటు దాటి లోపలికి వచ్చి ఓటడగడానికి మీ కాపలావారు ఆయనను రానివ్వలేదు. ఊరి మనిషి ఊళ్లో పెత్తనం చేస్తున్నాడని ఇప్పుడు మీరే అంటున్నారు. ఎన్నికల రోజున మీరెక్కడున్నారు?

సర్జాపుర సుబ్బు
నా ఓటు ఇప్పటికీ ఒంగోలులోనే ఉంది. ఆ రోజు బస్సులో ఉన్నాను. కిట్టు గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఓటు లేకపోవడం నా తప్పయితే, నీళ్ల ట్యాంకరు ఆగిపోవడం ఎవరి తప్పు?

కె.ఆర్.పురం కిట్టు
అది ముమ్మాటికీ తప్పే. దాన్ని నేను సమర్థించను. మా ఇంట్లో ట్యాంకర్లు లేవు, మా బాబాయి గారింట్లో ఉన్నాయి.

లెక్కల లక్ష్మి
నేను చార్టర్డ్ అకౌంటెంటును. మీరందరూ భూమి ఉన్న పెద్దల గురించే మాట్లాడుతున్నారు కానీ, బెంగుళూరుకు ఇంకొక రకం పెద్దలు వచ్చి ఇరవై అయిదేళ్లయింది. 1999లో ఎస్.ఎం. కృష్ణ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నందన్ నీలేకని నాయకత్వంలో బెంగుళూరు అజెండా టాస్క్ ఫోర్స్ ఏర్పడింది. కంపెనీల అధిపతులు, వృత్తి నిపుణులు కలిసి నగరపాలక సంస్థ పద్దులు సరిచేశారు, ఇంటి పన్నును యజమానే లెక్కవేసి కట్టుకునే పద్ధతి 2000లో రావడానికి తోడ్పడ్డారు, పౌరుల ముందు అధికారులను నిలబెట్టి ఆరు నెలలకొకసారి పనుల లెక్క చెప్పించారు. నేను ఆ సభల్లో ఒకదానికి విద్యార్థినిగా వెళ్లాను. ఒక పెద్ద అధికారి ప్రజల ముందు తడబడటం అప్పుడే మొదటిసారి చూశాను.

2004లో ప్రభుత్వం మారింది, ఆ కమిటీ కనుమరుగైంది. దాన్ని రద్దు చేశారని బాధపడి వీధిలోకి వచ్చినవారు ఎవరైనా ఉన్నారా? లేరు. కార్పొరేటర్లకు దాని మీద మొదటినుంచీ కోపమే, ఎందుకంటే ఎన్నికైన తమను పక్కనపెట్టి ఎన్నికకాని వారు పథకాలు వేస్తున్నారని వారి ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో స్వార్థం ఉన్నా సత్యం కూడా ఉంది. కిట్టు గారి నాన్నగారు ఓడిపోవడానికైనా సిద్ధపడి జనం ముందుకు వెళ్లారు, ఈ కొత్త పెద్దలకు ఆ అవసరం రాలేదు. అందుకే చెత్త బండి రాని వీధిలోని మనిషి ఫోను చేయదలిస్తే వారి నంబరు అతడి దగ్గర ఉండదు, కిట్టు గారి ఇంటి నంబరు ఉంటుంది.

గోదావరి గట్టు
అంటే లక్ష్మి గారూ, చదువుకున్న పెద్ద కంటే ట్యాంకరు పెద్దే నయమంటారా?

లెక్కల లక్ష్మి
నేను అలా అనలేదు. ఇద్దరూ ఖాళీ కుర్చీలోనే కూర్చున్నారంటున్నాను. ఆ కుర్చీ కథ కూడా చెబుతాను. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పద్దెనిమిది అంశాలను నగరపాలక సంస్థలకు అప్పగించవచ్చని జాబితా ఇచ్చింది. బెంగుళూరులో నీళ్లు ఒక బోర్డువి, లేఅవుట్లు ఒక ప్రాధికార సంస్థవి, బస్సులు ఒక సంస్థవి. కార్పొరేటరు చేతిలో మిగిలేది మోరీ, వీధిదీపం, చెత్త. చుట్టూ ఉన్న పురపాలక సంఘాలనూ 110 గ్రామాలనూ కలిపి 2007లో బృహత్ బెంగుళూరు మహానగర పాలికె అనే ఒకే నగరపాలక సంస్థను చేశారు. దానికి చివరి ఎన్నికలు 2015లో జరిగాయి. 2020 సెప్టెంబరులో సభ్యుల గడువు తీరాక కార్పొరేటర్లు లేకుండా పాలనాధికారులతోనే ఏళ్లు గడిచాయి. 2025లో కొత్త చట్టం వచ్చి ఐదు కార్పొరేషన్లుగా విడదీసింది. సుబ్బు గారు నెల రోజులు తిరిగినా కదలని పని ఒక్క ఫోనుతో కదిలిందంటే, ఆ మధ్యలో ఉండవలసిన ఎన్నికైన మనిషి లేడు కనుకనే. ఆ పెద్దాయన అధికారాన్ని ఎవరి దగ్గరనుంచీ లాక్కోలేదు. అక్కడ పడి ఉంటే తీసుకున్నారు.

విశ్రాంత ఇంజినీరు
లక్ష్మి గారి మాటకు మైసూరు చరిత్రలోనే ఒక పాత రుజువుంది. 1881 అక్టోబరు 7న దసరా సందర్భంగా దివాను రంగాచార్లు ప్రజాప్రతినిధి సభను ఏర్పాటుచేశారు. 144 మంది వచ్చారు. వారు భూస్వాములు, వర్తకులు. అంటే ప్రభుత్వమే ఏరి పిలిచిన స్థానిక పెద్దలు. చట్టాలు చేసే అధికారం వారికి లేదు, మొర పెట్టుకోవచ్చు, లెక్కలు వినవచ్చు. చాలా చిన్న అధికారమే, కానీ దానికి ఒక తేదీ, ఒక చోటు, ఒక రికార్డు ఉండేవి. పెద్దమనిషి వరండాలో చెప్పే మాటకు ఈ మూడూ ఉండవు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ సభను పెట్టిన రంగాచార్లు మద్రాసు రాష్ట్రంనుంచి వచ్చినవారు. తరువాత శేషాద్రి అయ్యరూ అటువారే. పైన ఉద్యోగాలన్నీ మద్రాసువారికి పోతున్నాయని మైసూరు బ్రాహ్మణులు, ఉద్యోగాలన్నీ బ్రాహ్మణులకే పోతున్నాయని ఒక్కలిగలు, లింగాయతులు మొరపెట్టారు. ఒక్కలిగర సంఘం 1906లో పుట్టింది ఈ నేపథ్యంలోనే. 1918లో మహారాజు మిల్లరు కమిటీని వేసి వెనకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో వాటా గురించి విచారించమన్నారు. మన మోక్షగుండం వంశీకులైన విశ్వేశ్వరయ్య గారు అప్పుడు దివాను. ప్రతిభ ఒక్కటే ప్రమాణమని నమ్మిన ఆయనకు అది నచ్చలేదు, ఆ సంవత్సరమే పదవినుంచి తప్పుకున్నారు. ఆయన కట్టించిన ఆనకట్టను నేను రోజూ దేవుడిలా తలుచుకుంటాను. అయినా ఆ విషయంలో ఆయన వాదన సరైనదని నేను అనలేను. పరిపాలన దక్షతకూ, ఆ పాలనలో ఎవరికి చోటుందన్న ప్రశ్నకూ సంబంధం లేదని ఆయన భావించారు. సంబంధం ఉంది.

గోదావరి గట్టు
విశ్వేశ్వరయ్య గారిని కూడా వదలని ఈ చర్చలో నేను పిఠాపురం రాజాను తెచ్చి తప్పుచేశాను.

హిందూపురం అమ్మాయి
పెద్దలు, పెద్దలు అంటున్నారు కానీ ఇప్పటిదాకా ఎవరి మాటల్లోనూ ఆడమనిషి లేదు. మా అమ్మ మా ఊరికి సర్పంచిగా పనిచేసింది. మహిళలకు కేటాయించిన స్థానం. ఊరి పెద్ద ఆసామి తన ఇంట్లో ఎవరినీ నిలబెట్టలేని పరిస్థితిలో, తన మాట జవదాటదన్న నమ్మకంతో, అంగన్‌వాడీలో పనిచేసి మానేసిన మా అమ్మను ఎంపికచేశారు. ఏకగ్రీవమైంది. ఏకగ్రీవ పంచాయతీలకు ప్రభుత్వం ప్రోత్సాహక నిధులిస్తుందని మీకు తెలుసు. మా ఊళ్లో ఆ నిధులు ఎటు పోవాలో నామినేషను వేయకముందే వేపచెట్టు కింద తీర్మానమైపోయింది.

మొదటి రెండేళ్లు మా అమ్మ చెప్పిన చోట సంతకం పెట్టింది. కాగితాలు ఆసామి గారి అబ్బాయి మోటారుసైకిలు మీద తెచ్చేవాడు, అమ్మ పిండి చేతులు తుడుచుకుని సంతకం చేసేది, అతడు వెళ్లేవాడు. పెన్ను కూడా అతడే తెచ్చేవాడు. మూడో ఏడు వేయని పైపులైనుకు బిల్లు వచ్చింది. అమ్మ గొడవపడలేదు. "పైపు ఎక్కడ వేశారో నాకొకసారి చూపించు నాయనా, నేను కూడా నడిచి వస్తాను" అంది. ఆ మాటకు వారం రోజులు మా ఇంటికి పాలు పోయడం ఆపేశారు. పాలకేంద్రం కూడా వారిదే. అమ్మ నల్ల టీ పెట్టి వచ్చినవారందరికీ ఇచ్చింది, ఎందుకని అడిగినవారికి కారణం చెప్పింది. పదో రోజుకు పైపులు వచ్చాయి, మా వీధికి కాదు, కానీ వచ్చాయి.

కాబట్టి గోదావరి గట్టు గారూ, వారు పని చేయించలేరని కాదు. అడిగే మనిషి ఒకరుంటే ఎక్కువ చేయిస్తారు.

బి ఖాతా బాధితుడు
మీ అమ్మగారిని మా వార్డుకు పంపగలరా? టీ ఖర్చు మాది.

చెరువుకట్ట
నల్ల టీ కథను నేను మా బడిలో పిల్లలకు చెబుతాను, అభ్యంతరం లేకపోతే.

విశ్రాంత ఇంజినీరు
అమ్మాయి చెప్పిన దానికి ముందుమాటగా ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దుచేసింది. ఒకే కుటుంబం తరతరాలుగా ఊరి భూమి లెక్కలను ట్రంకుపెట్టెలో పెట్టుకునే కాలం పోయిందని మేమంతా సంబరపడ్డాం. కొంతకాలానికి కరణం స్థానంలో కాంట్రాక్టరు వచ్చాడు. తేడా ఏమిటంటే, కరణానికి ప్రతి గట్టు తెలుసు, కాంట్రాక్టరుకు ప్రతి బిల్లు తెలుసు. కర్ణాటకలో దాదాపు అదే కాలంలో మరో దారి పట్టారు. అబ్దుల్ నజీర్ సాబ్ మంత్రిగా ఉండగా తెచ్చిన 1983 చట్టం కింద 1987లో జిల్లా పరిషత్తులకూ మండల పంచాయతీలకూ ఎన్నికలు జరిగాయి, ఆడవారికి నాలుగోవంతు స్థానాలు కేటాయించారు. పల్లెల్లో బోరుబావులు వేయించినందుకు జనం ఆయనను నీర్ సాబ్ అన్నారు. ఆ పరిషత్తుల్లో గెలిచినవారిలో పాత ఆసాములు చాలామందే ఉన్నారు. అయినా అధికారి కుర్చీ పక్కన ఎన్నికైన మనిషి కుర్చీ కూడా పడటంతో, మాలాంటి ఇంజినీర్లు ఫైలు పట్టుకుని సభలో నిలబడవలసి వచ్చింది. నాకు అప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

పావగడ పద్మ
మాది తుమకూరు జిల్లా పావగడ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. చెరువుకట్ట గారు రాబడి ఎక్కడినుంచి వస్తోందో చూడమన్నారు కనుక మా ఊళ్ల సంగతి చెప్పాలి. తిరుమణి చుట్టూ ఐదు గ్రామాల్లో పదమూడు వేల ఎకరాల మీద సౌర విద్యుత్ పార్కు వచ్చింది, సామర్థ్యం 2,050 మెగావాట్లు. భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి అయిదు శాతం పెంపు. వేరుశనగ వేసి వాన కోసం ఆకాశం చూసే మా నేలకు ఇది వరమే. కరువు సీమలో ఎండనే పంట చేశారని మా నాన్న అంటారు. మా నాలుగు ఎకరాలూ అందులోనే ఉన్నాయి.

ఇంత పెద్ద ఒప్పందానికి రైతులను ఒప్పించింది కూడా ఊరి పెద్దలే. వారు ముందు సంతకం పెట్టకపోతే మిగతావారు పెట్టేవారు కాదు, ఆ మాట నిజం. నూరెకరాలున్నవారికి ఏడాదికి ఇరవై లక్షలు దాటి వస్తోంది. వారు తుమకూరులో, బెంగుళూరులో ఇళ్లు తీసుకున్నారు. ఊరికి పండుగలకు వస్తారు. సెంటు భూమి లేని కుటుంబాలు ఆ పొలాల్లోనే కూలికి వెళ్లేవి. కలుపు లేదు, కోత లేదు, ఇప్పుడు వారికి మిగిలింది సౌర పలకలు తుడవడం, గడ్డి కోయడం, కాపలా కాయడం, అవీ కొందరికే. మేకలు మేపుకునే దారి కంచె అవతల ఉంది.

పాత ఆసామి కూలి తక్కువ ఇచ్చేవాడు. అప్పు ఇచ్చి దాని కింద చాకిరీ చేయించుకునేవాడు. అతడు పోవాలని మా పక్కింటి ఓబులమ్మవ్వ కూడా కోరుకుంది. ఇప్పుడు అతడు నిజంగానే పోయాడు, పైకం పట్టుకుని. "తిట్టడానికైనా మనిషి ఊళ్లో లేకపోయె" అంటుంది అవ్వ.

చెరువుకట్ట
పద్మ గారూ, నేను తడికీ చదరపు అడుగుకూ మధ్య గీత గీశాను. మీరు మూడోది చూపించారు, ఊళ్లో ఉండనవసరమే లేని రాబడి. నా వాదన సవరించుకోవాలి.

మా వైపు కూడా ఇంకొకటి జరుగుతోంది. 2018నుంచి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోరమంగల, చల్లఘట్ట లోయనుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. ఇరవై ఏళ్లుగా ఎండిన కట్టల కింద నీళ్లు చూశాం. ఆ నీటిని నేరుగా తోడుకోకూడదు, భూమిలోకి ఇంకనివ్వాలన్నది నియమం. నియమం మంచిదే. ఇంకిన నీటిని తోడేది మాత్రం లోతైన బోరు ఉన్నవాడే. పన్నెండు వందల అడుగుల బోరు ఎవరికుంటుందో వేరే చెప్పనక్కరలేదు. మళ్లీ టొమాటో, పట్టు పెరిగాయి, కూలి కూడా పెరిగింది. ఆ పెద్ద బోర్ల వారే ఇప్పుడు చెరువులోకి నీళ్లు ఆగకుండా రావాలని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. మా తాత కాలపు కఠినుడు మళ్లీ పుట్టాడా అనిపిస్తోంది.

గోదావరి గట్టు
అదే కదా నేను మొదటినుంచీ చెబుతున్నది. వారికి లాభముంటే ఊరికీ లాభముంటుంది.

హిందూపురం అమ్మాయి
లాభం ఉంటుంది గట్టు గారూ, వాటా ఎంతన్నదే చర్చ. పెద్ద అన్న మాటకు తనం చేరిస్తే తెలుగులో పెద్దతనమూ అవుతుంది, పెత్తనమూ అవుతుంది. వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది.

కె.ఆర్.పురం కిట్టు
ట్యాంకర్ల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. 2024 మార్చిలో నీటి కరువు వచ్చినప్పుడు జిల్లా యంత్రాంగం ధరలు కట్టడిచేసింది. అయిదు కిలోమీటర్ల లోపు పన్నెండు వేల లీటర్లకు వెయ్యి రూపాయలు. మా బాబాయి ఆ నెల మూడు బండ్లను ఇంట్లోనే ఆపేశారు, ఆ ధరకు గిట్టదని. ఆయనను ఆ నిర్ణయం మార్చుకొమ్మని అడిగింది కలెక్టరు కాదు, మా నానమ్మ. ఊళ్లో పిల్లల తల్లులు వచ్చి ఆమె దగ్గర కూర్చున్నారు. మరునాడు రెండు బండ్లు కదిలాయి. ఇది పాలనా అంటే కాదు. కానీ జరిగింది ఇదీ.

సుబ్బు గారూ, మీ వైపు ఉన్నది కూడా 110 గ్రామాల్లోదే అయితే కావేరి తాగునీటి పథకం అయిదో దశ నీళ్లు 2024 అక్టోబరులోనే విడుదలయ్యాయి. కనెక్షనుకు దరఖాస్తు పెట్టారా?

లెక్కల లక్ష్మి
నేను చూసిన అపార్టుమెంటుల్లో సగం, ఒకేసారి కట్టవలసిన సొమ్ము ఎక్కువని వెనకాడాయి. ట్యాంకరుకు నెలనెలా కడుతున్నది కూడితే ఎంతవుతుందో లెక్క వేయలేదు. సుబ్బు గారు కావాలంటే నేను వేసి ఇస్తాను.

సర్జాపుర సుబ్బు
లక్ష్మి గారు నిన్న రాత్రి లెక్క పంపారు. మేము రెండేళ్లలో ట్యాంకర్లకు కట్టింది కనెక్షను ఖర్చుకంటే ఎక్కువ. మా సంఘం సమావేశంలో చదివి వినిపిస్తే నిశ్శబ్దం ఆవరించింది, తరువాత అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. పక్కనున్న మూడు అపార్టుమెంటులతో కలిసి దరఖాస్తు పెట్టాలని నిర్ణయించాం. ఓటు బదిలీకి కూడా నేనూ ఇంకో పద్నాలుగు మందీ ఫారాలు నింపాం.

ఒక చిక్కు మాత్రం ఉంది. పైపు రావలసిన దారిలో ఎనభై అడుగులు ఆ పెద్దాయన గారి ఖాళీ స్థలంగుండా పోవాలి. కాగితాల ప్రకారం అది రోడ్డు అంటారు కొందరు, కాదంటారు మరికొందరు. ఫోను చేసి అడిగితే ఆయన నవ్వి, "దానికేముంది, ఆదివారం పొద్దున ఇంటికి రండి, మాట్లాడుకుందాం" అన్నారు. హిందూపురం అమ్మాయి గారి సలహా ప్రకారం ముప్పైమందిమి వెళుతున్నాం, మాట్లాడిన ప్రతి మాటా రాసుకోవడానికి ఒక పుస్తకం కూడా తీసుకుపోతున్నాం. కాఫీ వారే ఇస్తామన్నారు.

బి ఖాతా బాధితుడు
ఆ కాఫీకి నీళ్లు ఏ ట్యాంకరువో కనుక్కుని రాయండి.